ఆల్ప్స్‌లో స్కీ టూరింగ్: ఒక రోజు యాత్రకు భద్రతా ప్రణాళిక

రోప్‌వేల, లిఫ్టుల సాయం తీసుకోకుండా, మంచు కప్పిన కొండను స్కీల మీదనే నడుస్తూ ఎక్కి, ఎవరూ చదును చేయని సహజమైన మంచువాలు మీదుగా జారుతూ దిగిరావడాన్ని స్కీ టూరింగ్ అంటారు. ఎక్కేటప్పుడు బూటు ముందుభాగం మాత్రమే స్కీకి బిగిసి ఉండి మడమ పైకి లేచేందుకు వీలిచ్చే బైండింగులూ, స్కీల అడుగున అంటించుకునే స్కిన్లు అనే పట్టీలూ ఈ క్రీడకు ఆధారం. పూర్వం సీల్ తోలుతో చేసిన ఈ పట్టీలను నేడు మోహెయిర్ అనే మేక ఉన్నితోనూ నైలాన్‌తోనూ నేస్తున్నారు. వాటి పోగులన్నీ ఒకే దిక్కుకు వాలి ఉండటం వల్ల స్కీ ముందుకు సాఫీగా సాగుతుంది, వెనక్కి మాత్రం జారదు. పైకి చేరాక పట్టీలను ఊడదీసి, మడమను బిగించుకుని దిగుతారు.

మధ్యధరా తీరాన మొనాకో, ఫ్రాన్స్‌ల నుంచి తూర్పున ఆస్ట్రియా, స్లొవేనియా వరకు ఎనిమిది దేశాల మీదుగా సుమారు 1,200 కిలోమీటర్ల మేర వంపు తిరిగి సాగే ఆల్ప్స్ పర్వతాలు ఈ క్రీడకు ప్రధాన క్షేత్రం. లిఫ్టులున్న స్కీ కేంద్రాలలో ప్రమాదకరమైన వాలులను పేలుడు పదార్థాలతో ముందే కూల్చివేయడం, అవసరమైతే దారులను మూసివేయడం నిర్వాహకుల బాధ్యత. ఆ హద్దు దాటిన తరువాత అటువంటి బాధ్యత ఎవరిమీదా ఉండదు. వాలును పరిశీలించి, వెళ్లవచ్చునో లేదో తేల్చుకోవలసింది యాత్రికులే. అందువల్ల స్కీ టూరింగ్‌లో భద్రత అనేది మంచులో చూపే నైపుణ్యం కంటే ముందురోజు సాయంత్రం బల్ల మీద పటం పరచుకుని చేసే ఆలోచనమీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ ఆలోచనలో వెనక్కి తిరిగే చోటు, వెనక్కి తిరిగే వేళ ముందే నిర్ణయమై ఉండకపోతే దాన్ని ప్రణాళిక అనడానికి వీలులేదు.

చారిత్రక నేపథ్యం

నార్వే నుంచి మధ్య యూరప్‌కు చేరిన స్కీలు 19వ శతాబ్దం చివరి దశకంలో ఆల్ప్స్‌లో పర్వతారోహణ సాధనాలయ్యాయి. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కోనన్ డాయిల్ 1894 మార్చిలో స్థానికులైన ఇద్దరు సోదరులతో కలిసి స్విట్జర్లాండ్‌లోని దావోస్ నుంచి కనుమ దాటి అరోజాకు స్కీల మీద వెళ్లాడు. 1897 జనవరిలో జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ పౌల్కే తన సహచరులతో బెర్న్ ప్రాంతపు హిమానీనదాలను స్కీలతో దాటడంతో చలికాలంలో ఎత్తైన ఆల్ప్స్‌లోకి వెళ్లడం సాధ్యమని రుజువైంది. అదే కాలంలో ఆస్ట్రియాలోని లీలియన్‌ఫెల్డ్‌లో మథియాస్ స్డార్‌స్కీ నిటారు వాలులకు తగిన దిగుడు పద్ధతిని రూపొందించి బోధించాడు. తరువాత మొదటి ప్రపంచ యుద్ధకాలంలో 1916లో ఆయనే మంచుచరియ కింద చిక్కుకుని తీవ్రంగా గాయపడ్డాడు. ఫ్రాన్స్‌లోని షామోనీ నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ వరకు హిమానీనదాల మీదుగా సాగే ఒట్ రూట్ అనే బహుదిన మార్గాన్ని స్కీల మీద పూర్తి చేయడం 1911లో జరిగింది.

మంచును శాస్త్రీయంగా అధ్యయనం చేయవలసిన అవసరాన్ని స్విట్జర్లాండ్ ముందుగా గుర్తించింది. దావోస్‌కు పైన ఉన్న వైస్‌ఫ్లూయోఖ్ మీద 1936లో మొదలైన పరిశోధనలు కాలక్రమేణా నేటి హిమ, మంచుచరియల పరిశోధన సంస్థగా స్థిరపడ్డాయి. జర్మన్ పేరులోని పొడి అక్షరాలతో ఎస్ఎల్ఎఫ్ అని పిలిచే ఈ సంస్థ 1945 నుంచి మంచుచరియల హెచ్చరిక బులెటిన్ బాధ్యతను సైన్యం నుంచి స్వీకరించి నేటికీ నిర్వహిస్తున్నది. 2026లో మిలానో, కోర్టినా శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ పర్వతారోహణ పోటీ క్రీడగా చేరింది. పోటీల దారులకు నిర్వాహకుల పర్యవేక్షణ ఉంటుంది. ఈ వ్యాసంలో చర్చించే రోజువారీ యాత్రలకు అది ఉండదు.

మంచుచరియ ఎలా విరిగిపడుతుంది

స్కీ టూరింగ్‌లో మరణాలకు ముఖ్య కారణమైన మంచుచరియ కొండ పైనుంచి దొర్లివచ్చే వదులు మంచు కాదు. అది గట్టిపడిన ఒక పలక. చలికాలమంతా కురిసిన మంచు ఒక్కొక్క తుఫానుకు ఒక్కొక్క పొరగా పేరుకుంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న చలి రాత్రులలో ఉపరితలం మీద ఏర్పడే మంచు స్ఫటికాలు, నేలకు దగ్గరగా పలుచని మంచులో ఉష్ణోగ్రతల తేడా వల్ల పెరిగే పెద్ద పెద్ద పలకల స్ఫటికాలు ఒకదానితో ఒకటి అతుక్కోవు. వీటిమీద గాలి మోసుకొచ్చిన మంచు గట్టిగా కుదురుకున్నప్పుడు బలహీనమైన పొర లోపల, బరువైన పలక పైన ఉండే నిర్మాణం ఏర్పడుతుంది. ఆ స్థితిలో ఒక్క మనిషి బరువు చాలు: బలహీన పొర ఒకచోట కూలి, ఆ పగులు క్షణాల్లో అడ్డంగా వ్యాపించి, వాలు మొత్తం ఒకేసారి కదులుతుంది. ప్రాణనష్టం జరిగిన ప్రమాదాలలో పదింట సుమారు తొమ్మిదింటిని బాధితులో వారి బృందంలోని వారో తమ బరువుతోనే ప్రేరేపించారన్నది ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన వాస్తవం. ప్రమాదాన్ని రేపేది మనిషే కనుక, దాన్ని తప్పించుకునే వీలు కూడా చాలావరకు మనిషి చేతిలోనే ఉంది.

పలక జారడానికి వాలు ఏటవాలుగా ఉండాలి. సుమారు 30 డిగ్రీల లోపు వాలులలో పలక చరియలు అరుదు. అత్యధికం 30 నుంచి 45 డిగ్రీల మధ్య జరుగుతాయి. దురదృష్టవశాత్తు దిగడానికి ఎక్కువ ఆనందాన్నిచ్చే వాలులు కూడా ఈ పరిధిలోనివే. ఇక్కడ ఒక సూక్ష్మం గుర్తుంచుకోవాలి: బలహీన పొర చాలా సున్నితంగా ఉన్న రోజుల్లో తక్కువ వాలులో నడుస్తున్నవారు కూడా తమకు పైనున్న నిటారు వాలును దూరం నుంచే కదిలించగలరు. తమ కాళ్ల కింది వాలునే కాక తలపైనున్న వాలును కూడా లెక్కలోకి తీసుకోవడం అందుకే అవసరం.

బులెటిన్ చదవడం

ప్రణాళికకు తొలి ఆధారం ఆయా ప్రాంతాల హెచ్చరిక సంస్థలు రోజూ వెలువరించే బులెటిన్. స్విట్జర్లాండ్‌లో ఎస్ఎల్ఎఫ్ దీన్ని సాయంత్రం 5 గంటలకు ప్రకటించి, నడి చలికాలంలో మరునాటి ఉదయం 8 గంటలకు సవరిస్తుంది. స్వయంచాలిత కొలత కేంద్రాలతో పాటు శిక్షణ పొందిన సుమారు 200 మంది పరిశీలకులు పంపే సమాచారం దీనికి మూలం. ఫ్రాన్స్‌లో మెతెయో ఫ్రాన్స్ సంస్థ ఒక్కొక్క పర్వత సముదాయానికి వేరువేరుగా బులెటిన్ ఇస్తుంది. ఆస్ట్రియాలోని టిరోల్, ఇటలీలోని దక్షిణ టిరోల్, ట్రెంటినో ప్రాంతాలు 2018 చలికాలం నుంచి సరిహద్దుతో నిమిత్తం లేకుండా ఒకే బులెటిన్‌ను అనేక భాషలలో ప్రచురిస్తున్నాయి. ఆల్ప్స్‌లో ఒక లోయ ఒక దేశంలోనూ దాని ఎగువ శిఖరం మరొక దేశంలోనూ ఉండటం మామూలు కనుక ఈ సహకారం యాత్రికులకు చేసిన మేలు చాలా పెద్దది.

యూరప్ దేశాల హెచ్చరిక సంస్థలు 1993లో ఒకే ప్రమాణాన్ని అంగీకరించాయి. దాని ప్రకారం ప్రమాద స్థాయిలు ఐదు: 1 తక్కువ, 2 ఓ మోస్తరు, 3 గణనీయం, 4 అధికం, 5 అత్యధికం. ఈ అంకెలను కొలబద్దమీది గీతల మాదిరి సమాన దూరంలో ఉన్నవిగా భావించడం పెద్ద పొరపాటు; ఒక్కొక్క మెట్టుకు ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. అసలు చిక్కు 3వ స్థాయిలో ఉంది. ఐదింటిలో మూడు అనగానే మధ్యస్థమని మనసు సర్దుకుంటుంది. కాని ఆ స్థాయిలో చాలా వాలులమీద ఒక్క మనిషి బరువుకే చరియ విరిగే అవకాశం ఉంటుంది. ఆల్ప్స్‌లో మంచుచరియల మరణాలలో పెద్ద వాటా ఈ 3వ స్థాయి రోజులలోనే నమోదవుతున్నది. 4, 5 స్థాయిలలో భయం వల్ల జనం ఆగిపోతారు, 3లో ఆగరు.

అంకెను మాత్రమే చూసి బులెటిన్ మూసేయడం సగం చదివినట్టు కూడా కాదు. ఏ ఎత్తుకు పైన, ఏ దిక్కును చూసే వాలులలో ప్రమాదం కేంద్రీకృతమై ఉందో బులెటిన్ పటంగా చూపుతుంది. ఉదాహరణకు 2,200 మీటర్లకు పైన, వాయవ్యం నుంచి ఈశాన్యం వరకు చూసే వాలులు అని ఉంటే, ఆ పరిధిలోని వాలులను తప్పించి దక్షిణాభిముఖ వాలునో తక్కువ ఎత్తు కొండనో ఎంచుకునే వీలు కలుగుతుంది. ఆ తరువాత ఆనాటి సమస్య ఏమిటో తెలుసుకోవాలి. హెచ్చరిక సంస్థలు వీటిని ఐదుగా విభజించాయి: కొత్త మంచు, గాలి పేర్చిన మంచు, దీర్ఘకాలం నిలిచే బలహీన పొరలు, తడి మంచు, నేల నుంచి మొత్తంగా జారే మంచు. వీటిలో మొదటి రెండు కంటికి కనిపించేవి. కొన్ని రోజులు ఓపిక పడితే చాలావరకు సర్దుకునేవి. మూడవది కంటికి కనిపించదు, వారాల తరబడి నిలుస్తుంది, అనుభవజ్ఞులను కూడా మోసగిస్తుంది. దావోస్, ఎంగడీన్ వంటి లోపలి ఆల్ప్స్ ప్రాంతాలలో, మంచు తక్కువగా పడి చలి ఎక్కువగా ఉండే చలికాలాలలో, నీడ వాలులమీద ఇది తరచుగా ఎదురవుతుంది. దీన్ని ఎదుర్కొనే ఉపాయం ఒక్కటే: నిటారు వాలులకు దూరంగా, బాగా దూరంగా ఉండటం.

మున్టర్ పద్ధతి

సమాచారాన్ని నిర్ణయంగా మార్చే క్రమాన్ని స్విట్జర్లాండ్‌కు చెందిన పర్వత మార్గదర్శకుడు వెర్నర్ మున్టర్ రూపొందించాడు. మూడును మూడుతో గుణించిన పద్ధతిగా పేరొందిన ఈ క్రమంలో మంచు-వాతావరణ పరిస్థితులు, భూస్వరూపం, మనుషులు అనే మూడు అంశాలను మూడుసార్లు పరిశీలిస్తారు. మొదటిసారి ఇంట్లో, ప్రాంతమంతటినీ దృష్టిలో పెట్టుకుని. రెండవసారి కొండ పాదం వద్ద, కళ్లకు కనిపించే లోయను చూసి. మూడవసారి ఒక్కొక్క కీలకమైన వాలు ముందు నిలబడి. ఇంట్లో వేసుకున్న అంచనా లోయలో తప్పని తేలవచ్చు, లోయలో సరిగా ఉన్నది వాలు ముందు తప్పని తేలవచ్చు. ప్రతి దశలోనూ కాదనే హక్కు ఉండటమే ఈ పద్ధతిలోని బలం.

1990ల ఆరంభంలో మున్టర్ ప్రతిపాదించిన తగ్గింపు పద్ధతి మరింత చర్చకు దారితీసింది. అప్పటివరకు మంచులో గొయ్యి తవ్వి పొరలను పరీక్షించి వాలు గురించి తేల్చడం గొప్ప విద్యగా ఉండేది. ఒకచోట తవ్విన గొయ్యి పక్కనున్న పది మీటర్ల గురించి కూడా నమ్మకంగా చెప్పలేదని, కనుక స్థాయికి తగ్గట్టు వాలును పరిమితం చేసుకోవడమే మేలని ఆయన వాదించాడు. దాని సులభ రూపం ఇది: 2వ స్థాయిలో 40 డిగ్రీల లోపు, 3వ స్థాయిలో 35 డిగ్రీల లోపు, 4వ స్థాయిలో 30 డిగ్రీల లోపు వాలులకే పరిమితం కావాలి. వాలును లెక్కించేటప్పుడు సగటు కాక అందులోని అత్యంత నిటారైన భాగాన్నే తీసుకోవాలి. 2వ స్థాయిలో అడుగుజాడ పరిసరాలను, 3వ స్థాయిలో వాలు మొత్తాన్ని, 4వ స్థాయిలో చరియ వచ్చి ఆగే అడుగుభాగాన్ని కూడా కలిపి చూడాలి. ఆస్ట్రియా ఆల్పైన్ క్లబ్ వారి స్టాప్ ఆర్ గో, జర్మన్ ఆల్పైన్ క్లబ్ వారి స్నోకార్డ్, స్విట్జర్లాండ్‌లో బోధించే రేఖాచిత్ర పద్ధతి ఇదే ఆలోచన నుంచి ఎదిగినవి. ఈ పరిమితులు ప్రమాదాన్ని పూర్తిగా తొలగించవు, తగ్గిస్తాయి. కొత్తవారు పరిమితికి కనీసం 5 డిగ్రీలు తక్కువగా ఉండటం వివేకం.

పటం, దారి, కాలం

స్విట్జర్లాండ్ ప్రభుత్వ సర్వే సంస్థ స్విస్‌టోపో, ఫ్రాన్స్ జాతీయ సంస్థ ఐజీఎన్ వంటివి ప్రచురించే 1:25,000 పటాలు ప్రణాళికకు అనువైనవి. 30 డిగ్రీలు దాటిన వాలులను రంగులతో చూపే పటాలు నేడు ఇంటర్నెట్‌లో లభిస్తున్నాయి. ఎస్ఎల్ఎఫ్ వారి వైట్ రిస్క్ సాధనంలో ఆ పటం మీదనే దారిని గీసుకోవచ్చు. కాగితపు పటం మీద కూడా వాలును కొలవవచ్చు: 20 మీటర్ల అంతరంతో సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తునున్న బిందువులను కలిపే గీతలు, ఉన్న 1:25,000 పటంలో రెండు రేఖల మధ్య దూరం సుమారు 1.4 మిల్లీమీటర్లకు తగ్గితే వాలు 30 డిగ్రీలకు చేరినట్టు. ఒక మిల్లీమీటరు కంటే తగ్గితే 40 డిగ్రీలకు చేరువైనట్టు. పటంలో కనిపించని చిన్న నిటారు గట్లు నేలమీద ఉంటాయి కాబట్టి ఈ కొలతను చివరి మాటగా తీసుకోకూడదు.

దారి గీసేటప్పుడు పటం మీద కీలక స్థలాలను గుర్తించి రాసుకోవాలి. నిటారు వాలు మొదలయ్యే చోటు, పైన కొండచరియ ఉన్న ఇరుకు లోయ, గాలి మంచు పేరుకునే శిఖరపంక్తి వెనుక భాగం, మంచు తీసుకుపోయినవారిని లోతుగా పూడ్చివేసే గుంటలు, వాగుల గండ్లు ఈ కోవలోనివి. ప్రతి కీలక స్థలానికి ముందు ఆగి ఆలోచించే చోటును, కుదరకపోతే అనుసరించే ప్రత్యామ్నాయాన్ని నిర్ణయించాలి. ప్రత్యామ్నాయం అంటే అదే కొండకు మరొక దారి మాత్రమే కాదు. మరింత సులభమైన, అవసరమైతే 30 డిగ్రీలు దాటని మరొక యాత్ర కూడా సిద్ధంగా ఉండాలి. ఒకే ఒక్క లక్ష్యంతో బయలుదేరిన బృందానికి వెనక్కి తిరగడమంటే రోజంతా వృథా అనిపిస్తుంది. రెండవ లక్ష్యం చేతిలో ఉన్న బృందానికి ఆ బాధ ఉండదు.

కాలాన్ని లెక్కించడానికి ఆల్ప్స్‌లో వాడుకలో ఉన్న సులభ సూత్రం ఇది: అడ్డదూరాన్ని కిలోమీటర్లలో, ఎక్కవలసిన ఎత్తును వందల మీటర్లలో తీసుకుని రెంటినీ కూడి, ఎక్కడానికి 4తోనూ స్కీల మీద దిగడానికి 10తోనూ భాగించాలి. 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఊరి నుంచి 6 కిలోమీటర్ల దూరాన ఉన్న 2,800 మీటర్ల శిఖరానికి వెళ్లేందుకు 12, 6 కలిపి 18 వస్తుంది. ఎక్కడానికి నాలుగున్నర గంటలు, దిగడానికి దాదాపు గంటా యాభై నిమిషాలు పడుతుంది. విశ్రాంతికి, మంచు గుంటలో తడబడినప్పటి ఆలస్యానికి, కొత్త మంచులో దారి తొక్కవలసివచ్చే శ్రమకు దీనిపై అదనపు సమయం చేర్చాలి. బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే లెక్కకు ఆధారం.

ఈ లెక్క వసంతకాలంలో ప్రాణాధారమవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నిర్మలమైన రాత్రి మంచు ఉపరితలం వేడిని ఆకాశంలోకి వదిలి గట్టిగా గడ్డకడుతుంది. పగటి ఎండకు పైపొర కొద్దిగా కరిగినప్పుడు ఫిర్న్ అనే హాయిగా జారే మంచు ఏర్పడుతుంది. మరికొంత సేపటికి నీరు లోపలికి దిగి తడి చరియలకు దారితీస్తుంది. తూర్పు వాలులు ముందు, తరువాత దక్షిణం, ఆపైన పడమర వాలులు మెత్తబడతాయి. దక్షిణ వాలును 11 గంటలకల్లా వదిలివేయాలనుకుంటే, పై ఉదాహరణలోని బృందం విశ్రాంతితో కలిపి తొమ్మిదింటికి శిఖరం చేరాలి. అంటే తెల్లవారకముందే నాలుగు గంటలకు తలదీపం వెలుగులో బయలుదేరాలి. రాత్రి మబ్బు పట్టి మంచు గడ్డకట్టకపోతే ఈ లెక్క మొత్తం రద్దవుతుంది. ఆ సంగతి బయట నిలిచి బూటుతో మంచును తొక్కిచూస్తే తెలుస్తుంది, దానికి పరికరాలు అక్కరలేదు. నడి చలికాలంలో సమస్య మరొకటి: డిసెంబరు, జనవరిలలో సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటలకే చీకటి పడుతుంది కాబట్టి శిఖరం చేరినా చేరకపోయినా వెనక్కి తిరగవలసిన గడియారపు వేళను ముందే ఖరారు చేసుకోవాలి. బస్సులోనో రైలులోనో వచ్చినవారు చివరి బండి వేళను కూడా ఆ లెక్కలో కలుపుకోవాలి.

వాతావరణం, హిమానీనదాలు

వాతావరణ సూచనలో ఎండ ఉంటుందా లేదా అన్నదానికంటే గాలి వేగం, దిక్కు, ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగే ఎత్తు, గత మూడు రోజులలో పడిన మంచు ముఖ్యం. మున్టర్ సూచించిన ప్రకారం గట్టి గాలి, బాగా చలి, అడుగున నునుపైన గట్టి పొర వంటి ప్రతికూల పరిస్థితులలో 10 నుంచి 20 సెంటీమీటర్ల కొత్త మంచు చాలు ప్రమాదకరం కావడానికి; అనుకూల పరిస్థితులలో ఆ హద్దు 30 నుంచి 50 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దక్షిణం నుంచి పర్వతాలను దాటి వచ్చే ఫొయెన్ అనే వేడి గాలి వీచే రోజుల్లో లోయలో ఎండ కాస్తున్నా శిఖరాల వద్ద మంచు కదలికలు తీవ్రంగా ఉంటాయి.

వెలుతురు లేకపోవడం కూడా ప్రమాదమే. మబ్బు దిగి నేలా ఆకాశమూ ఒకే తెలుపులో కలిసిపోయినప్పుడు వాలు ఎంత నిటారో, కాళ్ల ముందు అంచు ఉందో లేదో కంటికి తెలియదు. 2018 ఏప్రిల్ 29న ఒట్ రూట్‌లోని పిన్య్ దారోల్లా శిఖర ప్రాంతంలో తుఫానులో చిక్కుకున్న 14 మంది విన్యెట్ విశ్రాంతి గృహానికి కొన్ని వందల మీటర్ల దూరంలోనే రాత్రంతా బయట గడపవలసి వచ్చింది. వారిలో 7 మంది మరణించారు. అక్కడ ప్రాణాలు తీసింది చలి, గాలి. అటువంటి ఎత్తులలో ఒక్క రోజు యాత్రకైనా జీపీఎస్‌లో ముందే నమోదు చేసుకున్న దారి, దిక్సూచి, కాగితపు పటం, గాలి చొరని అత్యవసర సంచి తప్పనిసరి. హిమానీనదం మీదికి వెళ్లేవారికి వీటితో పాటు తాడు, నడుము పట్టీ, మంచు కింద దాగిన పగులులో పడినవారిని పైకి లాగే సాధన ఉండాలి. ఆ సాధన లేనివారు పర్వత మార్గదర్శకుని వెంట మాత్రమే వెళ్లాలి.

బృందం

మనుషుల ఎంపిక గురించి పుస్తకాలు తక్కువ రాస్తాయి, ప్రమాదాలు ఎక్కువ చెబుతాయి. ఒంటరిగా వెళ్లినవారిని మంచు కింది నుంచి తీసేవారు ఉండరు. మరీ పెద్ద బృందం వాలుమీద బరువునూ నిర్ణయాలలో గందరగోళాన్నీ పెంచుతుంది. అమెరికాకు చెందిన ఇయన్ మెక్‌కామన్ 2000ల తొలి ఏళ్లలో మంచుచరియల ప్రమాదాలను విశ్లేషించి, ప్రమాద సూచనలు ఎదురుగా ఉన్నా జనం ముందుకు సాగడానికి కారణమైన మానసిక ఉచ్చులను వివరించాడు. తెలిసిన వాలు కదా అనే ధీమా, పక్కవారి మెప్పు కోసం చేసే సాహసం, ఇంత దూరం వచ్చాక వదలడమెందుకనే పట్టుదల, అనుభవజ్ఞుడిగా కనిపించేవారి మీద గుడ్డి నమ్మకం, ఇతరుల అడుగుజాడలు ఉన్నాయి కనుక భద్రమేననే భావన, ఎవరూ జారని కొత్త మంచును ముందుగా అందుకోవాలనే తొందర వాటిలో ముఖ్యమైనవి. వీటికి విరుగుడుగా, బృందంలో ఎవరైనా, ఎంత కొత్తవారైనా, కారణం చెప్పకుండానే వద్దనగల ఏర్పాటు ముందురోజే చేసుకోవాలి. ఒక్కరు వద్దంటే అందరూ ఆగాలి.

పరికరాలు, కొండ మీద నడవడి

ప్రతి ఒక్కరి ఒంటిమీద 457 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంపై సంకేతాలు పంపే ట్రాన్సీవర్, సంచిలో 240 సెంటీమీటర్లకు తగ్గని మడత శోధనకడ్డీ, లోహపు పార ఉండాలి. మంచులో పూడుకున్నవారి ట్రాన్సీవర్ సంకేతాన్ని మిగిలినవారు తమ ట్రాన్సీవర్‌తో పట్టి, కడ్డీతో గుచ్చి స్థానం తేల్చి, పారతో తవ్వుతారు. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా మిగతా రెండూ దాదాపు నిరుపయోగం. మొబైల్ ఫోన్ వంటివి సంకేతాన్ని చెడగొడతాయి కాబట్టి వాటిని ట్రాన్సీవర్‌కు కనీసం 20 సెంటీమీటర్ల ఎడంగా, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల ఎడంగా ఉంచాలి. గాలితో ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ సంచి మనిషిని మంచు పైభాగాన తేల్చి పూడుకుపోయే అవకాశాన్ని తగ్గిస్తుంది. చెట్లను, బండలను ఢీకొనడం వల్ల కలిగే గాయాల నుంచి మాత్రం కాపాడదు.

పూర్తిగా పూడుకున్నవారిని పది నిమిషాలలోపు తీయగలిగితే పదిమందిలో తొమ్మిది మందికి పైగా బతుకుతున్నారని స్విట్జర్లాండ్ గణాంకాలపై 2024లో వెలువడిన విశ్లేషణ తెలిపింది. 1990లలో ఈ గడువును 15 నుంచి 18 నిమిషాలుగా భావించేవారు. అరగంట దాటాక బతికేవారు కొద్దిమందే. హెలికాప్టర్ ఎంత వేగంగా వచ్చినా ఈ గడువులోపు చేరడం అరుదు కనుక పూడుకున్నవారి ప్రాణం పక్కనున్న సహచరుల చేతిలోనే ఉంటుంది. పరికరం కొని సంచిలో పెట్టుకోవడం దేనికీ సరిపోదు. ప్రతి చలికాలం ఆరంభంలో వెతుకులాట, ముఖ్యంగా అందరికంటే ఎక్కువ సమయం తినే తవ్వకం, సాధన చేయాలి.

యాత్ర మొదలయ్యే చోట ప్రతి ట్రాన్సీవరూ పంపుతున్నదో లేదో, అందుకుంటున్నదో లేదో ఒక్కొక్కరినీ నడిపించి పరీక్షించడం ఆనవాయితీ. దారిలో తాజాగా విరిగిన చరియలు, స్కీ ముందు పరుగెత్తే పగుళ్లు, మంచు లోపల కూలుకుంటున్నట్టు గుప్పుమని వినిపించే చప్పుడు కనిపించినా వినిపించినా బులెటిన్‌లోని అంకె ఏదైనా సరే నిటారు వాలులను వదిలివేయాలి. స్కీని ఎత్తి దిశ మార్చే కిక్ టర్న్ తప్పనిసరయ్యే చోటు దాదాపు 30 డిగ్రీలు దాటిన వాలు అన్నది నేలమీద పనికొచ్చే గుర్తు. ఎక్కేటప్పుడు మనిషికీ మనిషికీ కనీసం 10 మీటర్లు, దిగేటప్పుడు 30 మీటర్లు ఎడం పాటించాలి. అనుమానం కలిగిన వాలును ఒక్కొక్కరే దాటి, పైన ముప్పులేని చోట ఆగి, తరువాతివారిని కనిపెట్టి ఉండాలి.

ఆపద కలిగితే ఆల్ప్స్ దేశాలన్నిటిలో 112 పనిచేస్తుంది. స్విట్జర్లాండ్‌లో రేగా హెలికాప్టర్ సేవకు 1414, ఆస్ట్రియాలో పర్వత రక్షక దళానికి 140 నేరుగా పిలిచే సంఖ్యలు. ఫోన్ అందని చోట నిమిషానికి ఆరుసార్లు దీపంతోనో ఈలతోనో సంకేతమిచ్చి ఒక నిమిషం ఆగి మళ్లీ ఇవ్వడం, సమాధానంగా నిమిషానికి మూడు సంకేతాలు రావడం ఆల్ప్స్‌లో పాత ఒప్పందం. హెలికాప్టర్‌కు సాయం కావాలని చెప్పడానికి రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి. అక్కరలేదని చెప్పడానికి ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి చాచాలి. దారి, తిరిగివచ్చే వేళ లోయలో ఒకరికి తెలిసి ఉండాలి.

ప్రణాళికలో మనుషుల భద్రతతో పాటు మరొకరి భద్రత కూడా ఇమిడి ఉంది. చలికాలంలో అడవికోళ్లు మంచులో బొరియ చేసుకుని, షామువా అనే కొండమేకలు కదలకుండా నిలిచి, శక్తిని పొదుపు చేసుకుంటాయి. బెదిరి పారిపోయిన ప్రతిసారీ వాటి నిల్వ కొవ్వు తరిగిపోతుంది. స్విట్జర్లాండ్‌లో పటాలమీద గుర్తించిన వన్యప్రాణి ప్రశాంత మండలాలలో చలికాలం ప్రవేశం నిషిద్ధం లేదా నిర్దేశిత దారులకు పరిమితం. అడవి అంచున, తెల్లవారు జామున, సాయంసంధ్యలో వెళ్లకపోవడం అక్కడ మర్యాద.

శిక్షణ

1862లో ఏర్పడిన ఆస్ట్రియా ఆల్పైన్ క్లబ్, 1863లో ఏర్పడిన స్విస్, ఇటలీ క్లబ్బులు, 1869లో ఏర్పడిన జర్మన్ క్లబ్, 1874లో ఏర్పడిన ఫ్రెంచ్ క్లబ్ ప్రతి చలికాలం మంచుచరియల శిక్షణ, స్కీ టూరింగ్ బోధన నిర్వహిస్తున్నాయి. జర్మన్, ఆస్ట్రియా క్లబ్బుల సభ్యత్వంలో పర్వత రక్షణ ఖర్చుల బీమా కూడా కలిసి ఉంటుంది. మ్యూనిక్, జ్యూరిచ్ వంటి నగరాలలో ఉద్యోగరీత్యా స్థిరపడి, పెద్దయ్యాకే తొలిసారి మంచును చూసిన తెలుగువారికి ఈ శిక్షణలు ప్రత్యేకంగా అవసరం; చిన్ననాటి నుంచి ఆ కొండలలో పెరిగినవారికి కళ్లతో అబ్బిన జ్ఞానాన్ని వారు నేర్చుకుని సంపాదించుకోవలసిందే. లిఫ్టుల వద్ద బాగా జారడం వచ్చినంత మాత్రాన కొండమీద వాలును చదవడం వచ్చినట్టు కాదు. కొత్తగా ఈ క్రీడలోకి వచ్చేవారు స్కీలు, బూట్లు కొనడానికి ముందే రెండు మూడు రోజుల మంచుచరియల శిక్షణకు పేరు నమోదు చేసుకోవాలి, మొదటి చలికాలమంతా 30 డిగ్రీల లోపు వాలులలోనే గడపాలి.